తొంభై ఏడో నంబరు

ఆయనకు 'చిన్న మిషన్' అని పేరు పెట్టింది అట్టకార్డులకు రంధ్రాలు కొట్టే పంచింగ్ హాల్లోని ఆడవాళ్ళు. జనాభా లెక్కల ఆఫీసులో అప్పట్లో పెద్ద మిషన్, అంటే కంప్యూటరు, ఒకటి ఉండేది. మనుషులకు ఫ్యాను కూడా సరిగ్గా తిరగని రోజుల్లో ఒక గదంతా ఆక్రమించుకుని, చల్లగాలి పోసుకుంటూ దర్జాగా ఉండేది. దాని పక్కన పొద్దస్తమానం నవ్వకుండా, పలకరిస్తే పలక్కుండా నిలబడే ఇరవై నాలుగేళ్ళ ప్రోగ్రామర్ని చూసి వాళ్ళు చిన్న మిషన్ అన్నారు. పెద్ద మిషన్‌ని పాత ఇనుము కింద తోసేసి ముప్పై ఏళ్ళు దాటింది. చిన్న మిషన్ మాత్రం డెబ్బై రెండేళ్ళ వయసులో, మోకాళ్ళు పట్టేసినా సరే, ఇంకా పనిచేస్తూనే ఉన్నాడు. అంటే కాలేజీలకు వెళ్ళి ఉపన్యాసాలు ఇస్తున్నాడు.

ఉపన్యాసం ఎప్పుడూ ఒకటే. కంప్యూటర్లు మన బతుకుల్ని ఎలా మార్చాయి అన్నది. తెర మీద బొమ్మలు చూపిస్తూ, మధ్యమధ్య తన గొప్ప కాస్త కలుపుతూ గంటసేపు చెబుతాడు. వృత్తుల పట్టిక తయారుచేసింది తనేనని, లెక్కల ఆఫీసు కోసం రాసిన ఆ పట్టికనే తర్వాత ఇరవై ఆఫీసులు తీసుకున్నాయని, జనన మరణాల రిజిస్టరులో ఇవాళ్టికీ అదే నడుస్తోందని చెప్పేసరికి పిల్లలు చప్పట్లు కొడతారు. తప్పు కోడ్ వస్తే తన ప్రోగ్రాం ఒకే ఒక వాక్యం అచ్చువేసేదని కూడా చెబుతాడు. "పట్టికలో లేదు. లెక్కలోకి తీసుకోబడదు." నాలుగే మాటలు. అప్పట్లో మెమరీ అంత పిసినారిది మరి.

ఆ బొమ్మల్లో పంచింగ్ హాలుది ఒకటుంది. నలభై మంది ఆడవాళ్ళు, నలభై యంత్రాలు, అందరూ వెనకనుంచే కనిపిస్తారు. ఆ బొమ్మ దగ్గర ఆయన ఆగడు. "ఇక్కడ డేటా ఎంట్రీ జరిగేది" అని ముందుకు వెళ్ళిపోతాడు. హాలు చివర నిలబడి ఉన్న పొడుగాటి మనిషి, జడను ముడేసి అందులో పెన్సిల్ గుచ్చుకున్న ఆవిడ, ఆయన వదిన.

ఆ వదిన పోయి పదకొండు నెలలైంది. ఎనభై ఒకటో ఏట, ఉదయం ఏడింటికి, నిద్రలోనే పోయింది. పదింటికల్లా చిన్న మిషన్ ఫోనులో మరణ ధ్రువీకరణ ఫారం నింపి పంపేశాడు. "పూర్వమైతే మూడు రోజులు తిరగాల్సి వచ్చేది. ఇప్పుడు నాలుగు నిమిషాలు" అన్నాడు పరామర్శకు వచ్చినవాళ్ళతో. అంత దుఃఖంలోనూ ఆ ముక్క చెప్పకుండా ఉండలేకపోయాడు. తర్వాత స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పేసి ఏడ్చాడు. ఆవిడ పెంచిన మనిషి మరి. ఆవిడ ఆ ఇంటికి వచ్చేనాటికి అతనికి పదేళ్ళు, తల్లీ తండ్రీ లేరు. అన్నావదినలకు పిల్లలు కలగలేదు, ఉన్న ఒక్క పిల్లాడూ మరిదే అయ్యాడు. ఆ పిల్లాడు పెళ్ళి మాటెత్తితే "ప్రోగ్రాం నడుస్తోంది, తర్వాత చూద్దాం" అనేవాడు. ఆ తర్వాత రానేలేదు. ముగ్గురూ అదే మూడు గదుల ఇంట్లో ముసలివాళ్ళయ్యారు. ఇప్పుడు ఇద్దరు మిగిలారు.

ఒక మధ్యాహ్నం చరిత్ర చదివే అమ్మాయి ఒకతె ఆ ఇంటికి వచ్చింది. ఫోనులో ముందే చెప్పింది, పాత జనాభా లెక్కల మీద పరిశోధన చేస్తున్నానని. చిన్న మిషన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీలు సర్ది, తన పాత ఫోటోల కవరు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. చరిత్రమ్మాయి ఫోటోల వంక చూడనైనా చూడలేదు. మంచినీళ్ళు తాగి, లాప్‌టాప్ తెరిచి, ఆయనవైపు తిప్పింది.

"సర్, ఇవి రెండూ ఒకే ఏడాది లెక్క. ఈ ఊరిదే. ఇదేమో పాత టేపుల్లోంచి తీసింది, మీ ప్రోగ్రాం దిద్దకముందుది. ఇదేమో దిద్దాక అచ్చయింది. మొదటి దాంట్లో నలభై ఒక్క వేల మంది ఆడవాళ్ళకి వృత్తి దగ్గర తొంభై ఏడని ఉంది. రెండో దాంట్లో ఒక్కళ్ళకీ లేదు. కోడ్ పుస్తకం చూస్తే తొంభై ఆరుతో ఆగిపోయింది."

చిన్న మిషన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి.

"మీ ప్రోగ్రాం కూడా దొరికింది సర్. అందులో ఒక లైను ఉంది." ఆమె చదివింది. "తొంభై ఏడు ఉంటే రెండు సున్నాలు చెయ్యి. పంచింగ్ పొరపాటు. దాని కింద మీ పొడి అక్షరాలున్నాయి."

రెండు సున్నాలంటే ఏ పనీ లేదని. ఆ కోడ్ ఆయనకు కంఠతా వచ్చు, పుస్తకంలో మొదటి లైను అదే.

"మా గైడు కూడా పొరపాటే అయ్యుంటుంది, తీసెయ్ అంటున్నారు. సోమవారం శుభ్రం చేసిన ఫైలు ఇచ్చేస్తాం. ఇచ్చేశాక ఈ టేపులు పారేస్తారు, పెట్టడానికి చోటు లేదట. తర్వాత ఎవరడిగినా చెప్పడానికేం మిగలదు. అందుకని మిమ్మల్ని ఒక్కసారి అడిగి వెళ్దామని వచ్చాను. అది పొరపాటేనా సర్?"

అవును అంటే సరిపోతుంది. ఆమె దణ్ణం పెట్టి వెళ్ళిపోతుంది. అది పొరపాటు కాదని చెప్పగలిగినవాళ్ళు ఆయనకు తెలిసి ఇంకెవరూ మిగల్లేదు. ఉన్న ఇంకొకావిడ పదకొండు నెలల కిందట వెళ్ళిపోయింది. పక్క గదిలో అన్నయ్య దగ్గుతున్న చప్పుడు వినిపించింది. ఎనభై అయిదేళ్ళవాడైనా చెవులు మాత్రం పాముచెవులు. ఇక్కడ ఏం మాట్లాడినా అక్కడ వినపడుతుంది. నలభై ఎనిమిదేళ్ళుగా అన్నయ్యకు చెప్పని సంగతి ఇది.

పంచింగ్ హాల్లో పని ఎలా సాగేదో తెలిస్తేగాని ఆ సంగతి బోధపడదు. గణకుడు ఇల్లిల్లూ తిరిగి నింపుకొచ్చిన ఫారాన్ని ఒకావిడ చూసి అట్టకార్డు మీద రంధ్రాలు కొట్టేది. అదే ఫారం, అదే కార్డు వేరే వరసలో ఉన్న రెండో ఆవిడకు వెళ్ళేవి. ఆమె మళ్ళీ మొదటినుంచీ కొట్టేది. ఇద్దరి లెక్కా కలిస్తే కార్డు అంచున చిన్న గాటు పడేది. కలవకపోతే యంత్రం బిగుసుకుపోయి ఎర్రదీపం వెలిగేది. ఎవరు ఎవరి కార్డు సరిచూస్తున్నారో ఒకరికొకరికి తెలియకూడదని నియమం. హాలు పెత్తనం వదినది. రోజుకు అంతమంది కళ్ళు ధారపోసి కొట్టిన కార్డుల్లో వెయ్యికి ఒక్కటి తప్పు వచ్చినా ఆవిడ నిద్రపోయేది కాదు. ఆవిడ ఆ హాల్లో వేళ్ళు అరిగేలా కొట్టిన కార్డులే మరిదిని చదివించాయి. చదువయ్యాక అదే ఆఫీసులో, అదే అంతస్తులో, చెప్పులు బయట విడిచి వెళ్ళాల్సిన చల్లగదిలో మరిదికి ఉద్యోగం వచ్చింది. ఆ రోజు హాల్లో అందరికీ మిఠాయి పంచింది.

మరిదికి కొమ్ములు రావడానికి ఎంతోకాలం పట్టలేదు. లెక్కల మొదటి ప్రతి తీసినప్పుడు తొంభై ఏడు అనే కోడ్లు కుప్పలుతెప్పలుగా రాలాయి. పుస్తకంలో ఆ నంబరే లేదు. మొదట పెద్ద మిషన్‌దే లోపమనుకున్నాడు. మూడు రోజులు కార్డు చదివే బ్రష్షులు విప్పి తుడిచాడు. లోపం లేదు. ఆ కార్డులన్నీ వేరుచేసి చూస్తే అందరూ ఆడవాళ్ళే. కారణం దొరికింది, పుస్తకంలో లేని నంబరు పంచింగ్ హాల్లోనే కొడుతున్నారు. దొరికిన ఆనందంలో కాగితాల కట్ట చంకన పెట్టుకుని సరాసరి డైరెక్టరు గదికి వెళ్ళాడు. పంచింగ్ హాలు ముప్పై అడుగుల దూరంలో ఉంది. వదిన అక్కడే ఉంది. వదినా, ఇదేంటి అని అడిగితే సరిపోయేది. అడగలేదు. ఆ ముప్పై అడుగులూ ఆయన తర్వాత జీవితంలో చాలాసార్లు నడిచాడు, మంచం మీద పడుకుని.

డైరెక్టరు హాల్లోకొచ్చి ఎవరు చేశారని అడిగాడు. నలభై యంత్రాలు ఆగిపోయాయి. వదిన లేచి నిలబడి, "నాదే పొరపాటండీ. కోడ్ పుస్తకం తప్పు చదివి వీళ్ళకు తప్పు చెప్పాను. వీళ్ళకేం తెలీదు" అంది. ఆ సాయంత్రానికి ఉద్యోగం పోయింది. చిన్న మిషన్ చల్లగదిలోకి వెళ్ళి ఒక్క లైను రాశాడు. నిమిషం పట్టింది. నలభై ఒక్క వేల మంది చేతిలో పని ఆ నిమిషంలో పోయింది, వదినది కూడా కలిపితే నలభై ఒక్క వేల ఒకటి.

"సర్?" అంది చరిత్రమ్మాయి.

చిన్న మిషన్ ఫోటోల కవరు పక్కకు జరిపాడు. "పొరపాటేనమ్మా" అన్నాడు చివరికి. "పంచింగ్ పొరపాటు. తీసెయ్యండి."

ఆమె ముఖంలో చిన్న నిరాశ కనిపించింది. అయినా నవ్వింది. "థాంక్యూ సర్. పెద్ద పని తప్పింది" అని లాప్‌టాప్ మూయబోయింది.

అప్పుడు పక్క గదిలోంచి చేతికర్ర చప్పుడు వినబడింది. అన్నయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వేసుకున్న చొక్కా బాగా వెలిసిపోయింది. ఎదుట ఎవరున్నా లేకపోయినా పై గుండీ పెట్టుకోవడం, తియ్యడం ఆయనకో అలవాటు.

"ఆ పొరపాటు చేసింది మా ఆవిడేనమ్మా" అన్నాడు.

చరిత్రమ్మాయి లేచి నిలబడింది.

"కూర్చో తల్లీ. మా ఆవిడ చేతికి కాగితమిస్తే అంతే సంగతులు. ఉద్యోగం అట్లాగే పోగొట్టుకుంది. నేనేమో తపాలా ఆఫీసులో చేసేవాణ్ణి. ఒక్క అంకె తేడా వస్తే ఉత్తరం ఎక్కడ తేలుతుందో నాకు తెలుసు కదా. అందుకని ఇంట్లో ఆవిడ ఏం రాసినా మళ్ళీ నేను చూసేవాణ్ణి. కవరు మీద అడ్రసు, మందుల చీటీ, చివరికి డబ్బాల మీద అంటించుకునే పేర్లు కూడా. ఇలా తేమ్మా, నేనొకసారి చూస్తా అనేవాణ్ణి. ఇచ్చేది పాపం. ఒక్కనాడు కూడా మొహం ముడుచుకోలేదు." ఆయన గుండీ పెట్టుకున్నాడు, తీశాడు. "తమాషా ఏంటంటే, ఒక్కదాంట్లోనూ తప్పు దొరకలేదు. ఇన్నేళ్ళలోనూ. నేనే అనుకునేవాణ్ణి, ఒక్కసారి దెబ్బ తగిలింది కదా, అందుకని జాగ్రత్తపడుతోంది అని."

చిన్న మిషన్‌కి తల ఎత్తాలనిపించలేదు. ఆ సరిచూడటాలు ఆయన రోజూ చూసినవే. భోజనాల బల్ల దగ్గర వదిన కవరు అన్నయ్య చేతికివ్వడం, అన్నయ్య కళ్ళద్దాలు పైకి తోసుకుని ఒక్కో అంకె మీదా వేలు పెట్టడం, వదిన పక్కన నిలబడి ఉండటం. రెండో మనిషి సరిచూడటం ఆవిడకు అలవాటేగా అని ఆయన తనకు తాను సర్దిచెప్పుకునేవాడు. అంతకన్నా సిగ్గులేని సర్దుబాటు ఇంకొకటి ఉండదు. ఇప్పుడు ఆవిడ లేదు. ఉన్నవాడేమో చనిపోయిన భార్య చేతకానిదని ముద్దుగా చెప్పుకుంటూ మురిసిపోతున్నాడు.

"ఆగమ్మా" అన్నాడు చిన్న మిషన్. "ఆ ఫైలు మూసెయ్యకు."

ఇద్దరూ ఆయన్ని చూశారు.

"అది పొరపాటు కాదు" అన్నాడు. "నేను అబద్ధం చెప్పాను."

చరిత్రమ్మాయి మెల్లగా మళ్ళీ కూర్చుంది. అన్నయ్య గుమ్మంలోనే ఉండిపోయాడు.

"వదినని పంపేసిన మర్నాడు స్టోరులోకెళ్ళి రెండొందల ఫారాలు తీయించాను. ఎందుకు తీశానో నాకే తెలీదు. కార్డులూ ఫారాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. తొంభై ఏడున్న ప్రతి కార్డుకీ, ఆ ఫారం అంచున పెన్సిల్‌తో గణకుడు ఏదో ఒకటి రాసున్నాడు. బట్టలు కుడుతోంది. సంచులు అంటిస్తోంది. పక్కింటి పిల్లల్ని చూస్తుంది. గింజలొలుస్తోంది. ఇంట్లో మగాళ్ళని అడిగితే ఆవిడేం చెయ్యదండీ అని చెప్పేవాళ్ళు. గణకుడి కళ్ళెదురుగానే ఆవిడ కుడుతూ ఉండేది. పాపం, ఎక్కడ రాయాలో తెలీక వాడు అంచున రాసేవాడు. అంచున రాసింది కొట్టకూడదని మా నియమం."

"అంచున ఏమీ లేనివాళ్ళకి?" అంది చరిత్రమ్మాయి.

"రెండు సున్నాలే. ఒక్కటి కూడా తేడా లేదు. అది చూశాకే నాకు అర్థమైంది. పుస్తకం తప్పు చదివితే అట్లా రాదు. నలభై మందీ అంచులు చదివారు. ఒకావిడ చదివి తొంభై ఏడు కొడితే, రెండో వరసలో ఎవరో తెలియని ఇంకొకావిడ కూడా ఆ అంచు చదివి తొంభై ఏడే కొట్టాలి. లేకపోతే ఎర్రదీపం వెలుగుతుంది. ఒక్కళ్ళు చేసే పని కాదది. అందరూ అనుకుని చేశారు. వీళ్ళు పనిచేస్తున్నారు, ఎక్కడో ఒకచోట ఉండాలి అని. ఖాళీగా ఉన్న నంబరు చూసి అందులో పెట్టారు."

"మరి ఆవిడ పొరపాటని ఎందుకు చెప్పారు?"

"కావాలని చేశామంటే నలభై మంది ఉద్యోగాలూ పోయేవి. పొరపాటంటే ఒక్కరిదే పోతుంది." చిన్న మిషన్ అన్నయ్య వంక చూడకుండానే అన్నాడు. "తప్పంటే ప్రాణం పోయే మనిషి, నేను తప్పు చేశానని నలుగురిలో నిలబడి చెప్పింది. నాకు తెలిసి కూడా నోరు మెదపలేదు. డైరెక్టరుకి చెప్పలేదు, అన్నయ్యకి చెప్పలేదు. అసలు ఆవిడని పట్టిచ్చింది నేనే."

అన్నయ్య వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కూర్చోవడానికి చాలాసేపు పట్టింది.

"ఆ రోజు సాయంత్రం ఏమందిరా నీతో?" అని అడిగాడు.

చిన్న మిషన్ ఆ సాయంత్రాన్ని మర్చిపోలేదు. ఇంటికి రాగానే వదిన ఎప్పటిలాగే కంచం పెట్టింది. జడముడిలో పెన్సిల్ ఇంకా అలాగే ఉంది, తీయడం మర్చిపోయినట్టుంది.

"నువ్వు పట్టుకోకపోతే ఇంకెవరు పట్టుకుంటార్లే అంది. నీ చదువు ఊరికే పోలేదు అంది. నిష్ఠూరంగా కాదన్నయ్యా. నిజంగానే అంది."

అన్నయ్య తల ఊపాడు. ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది చిన్న మిషన్‌కి. "డబ్బాల మీద పేర్లు కూడా సరిచూశాన్రా" అన్నాడు అన్నయ్య. అంతే అన్నాడు. తమ్ముణ్ణి తిట్టలేదు. ఆ మాట తనలో తనే రెండోసారి అనుకున్నాడు.

చరిత్రమ్మాయి తెర వంక చూసింది. తర్వాత చిన్నగా, తప్పు చేస్తున్నట్టుగా మాట్లాడింది. ఆ లెక్క అచ్చయ్యాక ఊరికి పదేళ్ళ ప్రణాళిక రాశారట. కొన్ని పేటల్లో ఆడవాళ్ళు పనిచేయరు కాబట్టి పిల్లల్ని ఉంచే కేంద్రాలు అక్కర్లేదని, పగటి బస్సులు అక్కర్లేదని రాసి ఉందట. ఆ పేజీలు చదివినప్పుడల్లా తనకు మింగుడు పడేది కాదట. వాళ్ళ అమ్మమ్మ అలాంటి ఒక పేటలోనే సంచులు అంటించి వాళ్ళమ్మను పెంచిందట.

చిన్న మిషన్ విన్నాడు. కంప్యూటర్లు మన బతుకుల్ని ఎలా మార్చాయని ఇన్నేళ్ళుగా ఊళ్ళు తిరిగి చెప్పాడు. యంత్రం చిన్నదవడం, వేగం పెరగడం, ఇవే చెప్పాడు. యంత్రానికి ఏం తెలియాలో ఏం తెలియకూడదో చల్లగదిలో కూర్చుని ఎవడో ఒకడు ముందే నిర్ణయిస్తాడని, ఆ ఒకడు ఒక్కోసారి ఇరవై నాలుగేళ్ళ గర్వపోతని, వాడు రాసిన లైను మీద బస్సులు ఆగిపోతాయని ఏ కాలేజీలోనూ చెప్పలేదు. యాభై ఏళ్ళ తర్వాత ఎవరైనా వచ్చి అప్పట్లో ఆడవాళ్ళేం చేసేవారని అడిగితే, ఏమీ చేసేవారు కాదని ఆ లైనే జవాబు చెబుతుంది.

"నేను రాసిస్తాను" అన్నాడు. "ఏం జరిగిందో అంతా రాసి సంతకం పెడతాను. ఆ నంబరు తీయకండి."

"పుస్తకంలో ఆ నంబరు ఎదురుగా ఏం రాయమంటారు సర్? పేరు కావాలి కదా."

వృత్తులకు పేర్లు పెట్టడం ఆయనకు కొట్టినపిండి. ఒకప్పుడు తొంభై ఆరింటికి పెట్టాడు. దీనికి మాత్రం చాలాసేపు ఆలోచించాడు. ఆఖరికి కాగితం మీద, "97: ఇంట్లో ఉంటూ పనిచేసేవారు" అని రాశాడు. రాసి, అలవాటు లేని పని ఒకటి చేశాడు. ఆ కాగితం అన్నయ్య చేతికిచ్చి, "ఒకసారి చూడు" అన్నాడు. అన్నయ్య కళ్ళద్దాలు పైకి తోసుకుని చూసి, "సరిగ్గానే ఉంది" అని తిరిగిచ్చాడు.

చరిత్రమ్మాయి కాగితం జాగ్రత్తగా పుస్తకంలో పెట్టుకుంది. బరువు దిగినట్టు ఊపిరి తీసుకుని, "ఆ తర్వాత ఆవిడ ఇంకెక్కడా చెయ్యలేదా?" అని అడిగింది.

"చెయ్యకపోవడమేంటి" అన్నాడు అన్నయ్య. "కాజాలు కుట్టింది. చొక్కాలు కుట్టే కంపెనీ వాళ్ళు కట్టలు కట్టలు తెచ్చి పడేసేవాళ్ళు. అదిగో, ఆ కిటికీ దగ్గర కూర్చుని ముప్పై ఏళ్ళు కుట్టింది, కళ్ళు కనిపించినంత కాలం." పై గుండీ కాజాని బొటనవేలితో తడిమాడు. "ఇది కూడా ఆవిడ కుట్టిందే. గుడ్డ పోయిందిగానీ ఇది ఊడలేదు."

"అయితే ఆవిడ కూడా తొంభై ఏడే" అంది చరిత్రమ్మాయి. సంతోషపెట్టాలనే అంది.

చిన్న మిషన్ చెయ్యి బల్ల మీద ఆగిపోయింది.

రెండు దఫాల తర్వాతి లెక్కప్పుడు గణకురాలు ఈ గదిలోనే నిలబడి ఫారం నింపడం ఆయనకు గుర్తుకొచ్చింది. మీ ఆవిడేం చేస్తారండీ అంటే, ఇంట్లోనే ఉంటుందమ్మా అని అన్నయ్య చెప్పాడు. కిటికీ దగ్గర ఒడినిండా చొక్కాలతో వదిన సూది ఆపి మరిది వంక చూసింది. ఏదో అంటాడేమో అన్నట్టు కాదు, ఊరికే చూసి, చిన్నగా నవ్వి, మళ్ళీ దారం పంటితో తెంపింది. మరిది పేపరు చదువుకుంటున్నాడు. అయినా గణకురాలికి తెలియదు, లెక్కల ఆఫీసుకు తెలియదు. అది వేరు. పదకొండు నెలల కిందటి ఉదయం ఫోనులో ఫారం నింపిందెవరు?

ఆయన లేచి బీరువాలోంచి మరణ ధ్రువీకరణ పత్రం తీసుకొచ్చాడు. మడత విప్పి బల్ల మీద పరిచాడు. పేరు, వయసు, చిరునామా, అన్నీ తప్పుల్లేకుండా ఉన్నాయి. వృత్తి అన్న చోట, "ఏ పనీ లేదు" అని ఉంది. ఆ రోజు పట్టికలో కిందికి జరుపుతూ వెతికే ఓపిక లేక, మొదట్లోనే కనిపించింది నొక్కేశాడు. నాలుగు నిమిషాలని అందరికీ చెప్పుకున్నది ఈ ముక్క గురించే.

"మార్చుకోవచ్చు సర్" అంది చరిత్రమ్మాయి కంగారుగా. "ఆన్‌లైన్లోనే సవరణ ఉంటుంది. ఇప్పుడే చెయ్యొచ్చు."

ఆయన ఫోను తీశాడు. పత్రం నంబరు కొట్టాడు. సవరణ నొక్కాడు. వృత్తుల పట్టిక తెరుచుకుంది. పైనుంచి కిందిదాకా మొత్తం చూశాడు. ఒక్కొక్కటీ ఆయనకు పాత స్నేహితుల్లా తెలుసు, తొంభై ఆరు ఉన్నాయి. కాజాలు లేవు. ఇంట్లో ఉంటూ పనిచేసేవారు లేరు. అడుగున 'వివరం రాయండి' అన్న ఖాళీ గడి కనిపించింది. ప్రాణం లేచొచ్చినట్టయింది. ఒక్కో అక్షరమే కొట్టాడు. కాజాలు కుట్టడం, ముప్పై ఏళ్ళు. దానికి ముందు, పంచింగ్ హాలు సూపర్‌వైజర్. పంపించు అని నొక్కాడు.

తెర మీద చిన్న చక్రం కాసేపు తిరిగింది. తర్వాత ఎర్ర అక్షరాలు వచ్చాయి.

"ఏమందిరా?" అన్నాడు అన్నయ్య.

చిన్న మిషన్ చదివాడు. "పట్టికలో లేదు. లెక్కలోకి తీసుకోబడదు."

అన్నయ్య వేలు కాజా మీదే ఉంది. "ఎవడ్రా రాసింది అది?" అన్నాడు.

"నేనే" అన్నాడు చిన్న మిషన్.